లాండ్రీలో నీళ్లు, వేడి మళ్లీ వాడాలంటే ముందు ఏది పెట్టాలి? నల్లగొండ, పాలమూరు లెక్కలు

రోజుకు 500 కిలోల బట్ట ఉతికే లాండ్రీ మామూలు వాషర్ ఎక్స్‌ట్రాక్టర్లతో (ఉతికి, పిండే మెషీన్లు) నడిస్తే రోజుకు దాదాపు 10,000 లీటర్ల నీళ్లు పోతాయి. కిలో బట్టకు 20 లీటర్లు. యాదగిరిగుట్ట లాడ్జీల దుప్పట్లయినా, మహబూబ్‌నగర్ ఆసుపత్రుల బెడ్‌షీట్లయినా, జడ్చర్ల ఫార్మా కంపెనీల యూనిఫాంలైనా ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అంతే. ఎండాకాలం బోరు తగ్గితే ఆ పది వేల లీటర్లకు ట్యాంకర్లే దిక్కు.

నీళ్లను, వేడిని తిరిగి పట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. ఆఖరి జాడింపు నీళ్లను మళ్లీ వాడడం, మోరీలో పోయే వేడినీళ్ల నుంచి ఎక్స్‌ఛేంజర్‌తో వేడి తీసి కొత్త నీళ్లకు ఎక్కించడం, మురికి నీళ్లను సన్నని పొరలతో వడకట్టే యూఎఫ్–ఆర్‌ఓ (అల్ట్రాఫిల్ట్రేషన్, రివర్స్ ఆస్మాసిస్) ప్లాంటు, స్టీమ్ చల్లారి అయిన వేడినీళ్లను (కండెన్సేట్) వెనక్కి తేవడం, సోలార్, గాలిలోని వేడిని నీళ్లలోకి తోడే హీట్ పంప్. ఎవరి సరుకు వాళ్లు గొప్పగానే చెబుతారు. అయితే కంపెనీల పుస్తకాల్లోని పొదుపు లెక్కలు ఎక్కువగా చలి దేశాలవి. అక్కడ మెషీన్‌లోకి వచ్చే నీళ్లు 10 డిగ్రీలుంటాయి. మన బోరు నీళ్లు 28–30 డిగ్రీలు, మే నెలలో మిద్దె మీది ట్యాంకులో అయితే ఇంకా ఎక్కువ. 65 డిగ్రీలకు కాచాలంటే వాళ్లు 55 డిగ్రీలు ఎక్కించాలి, మనం 35 ఎక్కిస్తే చాలు. కాబట్టి నీళ్లు కాచడంలో మనకు మిగిలేది వాళ్లకన్నా తక్కువ, నీళ్ల పొదుపు విలువ మాత్రం ఎక్కువ. ఈ ప్రాంతంలో పద్ధతులను ఎంచుకునే వరస ఇక్కడే మారిపోతుంది.

ముందు మీ లెక్క మీరు తీయండి

ఒక వారం కొలవకుండా ఏదీ కొనకండి. ఒక నీటి మీటరు, ఒక థర్మామీటరు, నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే ఒక టీడీఎస్ మీటరు, ఒక తూకం చాలు. ప్రతి దశలో ఎన్ని లీటర్లు లోపలికి వెళ్తున్నాయి, ఎంత వేడితో బయటికి వస్తున్నాయి రాసుకోండి. మామూలుగా మూడు జాడింపులున్న ప్రోగ్రాం ఇలా ఉంటుంది. ప్రీ వాష్‌లో పొడి బట్ట మీద కిలోకు 5 లీటర్లు. ఆ నీళ్లు వదిలాక కూడా బట్ట కిలోకు 2 లీటర్లు పట్టుకునే ఉంటుంది. అందుకే మెయిన్ వాష్‌లో 5 లీటర్ల మట్టం రావడానికి కొత్తగా 3 లీటర్లే పోస్తాం. తర్వాత మూడు జాడింపులకు 6 లీటర్ల మట్టం, అంటే ఒక్కోదానికి కొత్తగా 4 లీటర్లు. మొత్తం 5+3+12, ఇరవై. బట్ట పట్టుకునే ఆ 2 లీటర్లను మరిచిపోతే కింద చెప్పే ఏ లెక్కా సరిగా రాదు. చాలా కొటేషన్లలో తప్పు జరిగేది ఇక్కడే.

ఆఖరి జాడింపు నీళ్లు: దాదాపు అందరూ మొదట పెట్టాల్సింది ఇదే

ఆఖరి జాడింపులో కిలోకు 4 లీటర్లు వదులుతుంది, స్పిన్‌లో ఇంకో 1.4 లీటర్లు వస్తుంది. 500 కిలోలకు 2,700 లీటర్లు. ప్రీ వాష్‌కు కావాల్సింది 2,500 లీటర్లు. రెండూ ఇంత దగ్గరగా సరిపోవడం మన అదృష్టం. ఒక్క దెబ్బకు నీళ్లలో పావు వంతు మిగులుతుంది. రెండో జాడింపు నీళ్లను కూడా పట్టి మెయిన్ వాష్‌కు పంపితే ఇంకో 1,500 లీటర్లు, మొత్తం 40 శాతం. కానీ రెండో మెట్టు మొదటిది ఆరు నెలలు సాఫీగా నడిచాకే ఎక్కండి.

సామాను పెద్దగా లేదు. మెషీన్‌కు రెండో డ్రెయిన్ వాల్వ్ ఉంటే మంచిది. లేకపోతే డ్రెయిన్ పైపుకు టీ వేసి రెండు మోటార్ బటర్‌ఫ్లై వాల్వులు పెట్టి, ప్రోగ్రాం కంట్రోలర్ నుంచి ఆఖరి జాడింపు సిగ్నల్ ఇవ్వాలి. చేత్తో తిప్పే వాల్వ్ పెట్టకండి. పని ఒత్తిడిలో ఎవరో ఒకరు మెయిన్ వాష్ మురికిని ట్యాంకులోకి తిప్పేస్తారు, రోజంతా నీళ్లు పాడు. కింద చిన్న సంపు, అందులో స్టీలు జాలి, తర్వాత 100 మైక్రాన్ల బ్యాగ్ ఫిల్టరు. 50 కిలోల మెషీన్లు రెండుంటే ఒక్కో లోడుకు 270 లీటర్లు వస్తుంది, 250 పోతుంది. 1,000 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. అడుగు కోనుగా ఉంటే బురద ఒక్క వాల్వుతో దిగిపోతుంది. రెండు నిమిషాల్లో 250 లీటర్లు నింపాలంటే 1.5 హెచ్‌పీ పంపు కావాలి. ఇంపెల్లర్ ఓపెన్ రకం తీసుకోండి, మూసిన ఇంపెల్లర్‌లో నూగు చుట్టుకుంటుంది.

ట్యాంకు పెద్దదైతే మంచిదనుకోవద్దు. నిల్వ పెరిగితే వాసన పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సగం రోజు కదలకుండా ఉన్నా నీళ్లు కుళ్లు వాసన వస్తాయి. రాత్రి పని ముగిశాక ట్యాంకు పూర్తిగా వదిలేయండి. పగలు 1–2 పీపీఎం క్లోరిన్ ఉండేలా హైపో (క్లోరిన్ బ్లీచ్) కొద్దిగా వేయండి.

ఎక్కువమంది ఇబ్బంది పడేది సాఫ్ట్‌నర్ దగ్గర. బట్టలకు మెత్తదనం ఇచ్చే సాఫ్ట్‌నర్ క్యాటయానిక్ (ధనావేశం ఉన్నది), మామూలు సబ్బు పొడి అనయానిక్ (రుణావేశం ఉన్నది). ఆఖరి నీళ్లలో సాఫ్ట్‌నర్ ఉండి, అవే ప్రీ వాష్‌కు వెళ్తే రెండూ అతుక్కుని జిడ్డుగా విరుగుతాయి. సబ్బు పనిచేయదు, ఆ జిడ్డు బట్ట మీదే కూర్చుంటుంది. సాఫ్ట్‌నర్ వాడే లోడుల్లో ఆఖరిది వదిలేసి, దాని ముందు జాడింపు నీళ్లను పట్టండి. గంజి పెట్టే లోడు నీళ్లు అసలు పట్టకూడదు.

కఠినత్వం ఉన్న బోరు ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో లాభం ఉంది. కఠినత్వం లీటరుకు 600 మిల్లీగ్రాములుంటే 10,000 లీటర్లను మెత్తబరచడానికి రోజుకు 6 కిలోల కఠినత్వం తీయాలి. అంటే వాటర్ సాఫ్ట్‌నర్‌లో కఠినత్వాన్ని పట్టే గుళికలు (రెజిన్) దాదాపు 120 లీటర్లు రోజూ ఉప్పు నీళ్లతో రీజనరేట్ కావాలి, సుమారు 15 కిలోల ఉప్పు పడుతుంది. మళ్లీ వాడే 2,500 లీటర్లు ఇప్పటికే మెత్తబడిన నీళ్లు కాబట్టి, ఉప్పులోనూ పావు వంతు మిగులుతుంది. మోరీలోకి పోయే ఉప్పు నీళ్లూ ఆ మేరకు తగ్గుతాయి.

ఆసుపత్రి బట్టలైతే ఒక హద్దు ఉంది. రక్తం, మలం ఉన్న బట్టల తొలి జాడింపు నీళ్లు ఏ ట్యాంకులోకీ రాకూడదు. ఆఖరి జాడింపు నీళ్లు కూడా మైల బట్టల ప్రీ వాష్‌కే వెళ్లాలి, శుభ్రమైన జాడింపుకు ఎప్పుడూ వెళ్లకూడదు. దాని తర్వాత మెయిన్ వాష్‌లో 71 డిగ్రీలు నిలిచాయా లేదా అన్నది డ్రమ్ములో కొలిచి చూడండి, తెర మీది అంకెను నమ్మవద్దు. ఈ పైపులకు వేరే రంగు వేయండి. ట్యాంకులోకి మంచినీళ్లు గాలి ఎడం ఉంచి పైనుంచి పడాలి. మిషన్ భగీరథ లైనుకు గానీ, తాగే లైనుకు గానీ నేరుగా కలిపితే, కరెంటు పోయి ప్రెషర్ పడిన రోజున ఆ నీళ్లు వెనక్కి లాగుకుపోతాయి.

వేడి ఎక్కడ పోతోంది?

అదే 500 కిలోల లెక్క. మెయిన్ వాష్‌లో 2,500 లీటర్లను 30 నుంచి 65 డిగ్రీలకు తేవాలి: 87,500 కిలో క్యాలరీలు. ఎల్‌పీజీ కిలోకు దాదాపు 10,800 కిలో క్యాలరీలు ఇస్తుంది. హీటరు సామర్థ్యం 80 శాతం అనుకుంటే రోజుకు 10 కిలోల గ్యాస్.

ఇప్పుడు ఆరబెట్టడం చూడండి. స్పిన్ తర్వాత బట్టలో 60 శాతం తేమ ఉంటే 300 కిలోల నీళ్లు ఆవిరి కావాలి. వేడిగాలితో ఆరబెట్టే మామూలు టంబ్లర్‌లో నష్టాలతో కలిపి కిలో నీటికి 1,100 కిలో క్యాలరీల దాకా పడుతుంది. 3,30,000 కిలో క్యాలరీలు, అంటే 30 కిలోల గ్యాస్. ఉతకడానికి పది, ఆరబెట్టడానికి ముప్పై. అందరూ మోరీలో పోయే వేడినీళ్లను చూసి బాధపడతారు, అసలు ఖర్చు పైన చిమ్నీలో పోతోంది.

అందుకే వేడిలో మొదటి పెట్టుబడి స్పిన్ మీద పెట్టాలి. తేమ 60 నుంచి 50 శాతానికి దిగితే 50 కిలోల నీళ్లు తగ్గుతాయి, రోజుకు 5 కిలోల గ్యాస్ మిగులుతుంది. కొలవడం సులువు. పొడిగా తూచిన దుప్పట్ల కట్టను స్పిన్ తర్వాత మళ్లీ తూచి, పెరిగిన బరువును పొడి బరువుతో భాగించండి. తర్వాత స్పిన్ రెండు నిమిషాలు పెంచి మళ్లీ తూచండి. తేడా ఒక శాతం లోపే ఉంటే సమయం పెంచి లాభం లేదు, వేగం చాలడం లేదని అర్థం. మీ మెషీన్ ఎంత జి మీద (భూమి ఆకర్షణకు ఎన్నింతల బలంతో) తిరుగుతోందో ఇలా లెక్క కట్టవచ్చు: డ్రమ్ము వ్యాసార్ధం సెంటీమీటర్లలో, దాన్ని ఆర్‌పీఎం వర్గంతో గుణించి, మళ్లీ 0.00001118తో గుణించండి. 90 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము (వ్యాసార్ధం 45) 800 ఆర్‌పీఎం మీద తిరిగితే దాదాపు 320 జి వస్తుంది, కాటన్ దుప్పట్లకు 50–55 శాతం తేమ మిగులుతుంది. 100 జి దగ్గర తిరిగే పాత మెషీన్‌లో 80 శాతం పైనే ఉంటుంది. అలాంటిదాని పక్కన విడిగా ఒక హైడ్రో (బట్టను వేగంగా తిప్పి పిండే మెషీన్) పెట్టుకోవడం ఏ ఎక్స్‌ఛేంజర్ కన్నా త్వరగా డబ్బు తిరిగి ఇస్తుంది. డ్రైవ్‌లో ఆర్‌పీఎం పెంచి సరిపెడదామనుకోవద్దు. కంపెనీ చెప్పిన హద్దు దాటితే బేరింగులు, పునాది బోల్టులు ముందు పోతాయి.

బెడ్‌షీట్లను టంబ్లర్‌లో ఆరబెట్టి, మళ్లీ క్యాలెండర్ (వేడి రోలర్ల ఇస్త్రీ మెషీన్) మీద ఇస్త్రీ చేయడం కొన్నిచోట్ల అలవాటు. 50 శాతం తేమతో నేరుగా క్యాలెండర్‌కు ఇస్తే ఒక మెట్టు తప్పుతుంది. తువ్వాళ్లను మరీ ఎండబెట్టినా వృథాయే. కాటన్ గాలిలో ఎలాగూ 6–8 శాతం తేమ పట్టుకుంటుంది, సున్నాకు తెచ్చిన బట్ట బయటికి రాగానే మళ్లీ తేమ పీల్చుకుంటుంది.

టంబ్లర్ పొగగొట్టం మీద గాలి నుంచి గాలికి వేడి మార్చే ఎక్స్‌ఛేంజర్లు కూడా అమ్ముతున్నారు. నూగు రెండు వారాల్లో రెక్కలను మూసేస్తుంది. శుభ్రం చేయకపోతే బట్ట ఆరదు, ఆపైన నూగుకు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. రోజూ శుభ్రం చేసే మనిషిని పెట్టలేకపోతే దీని జోలికి వెళ్లవద్దు.

మోరీ ఎక్స్‌ఛేంజరా, సోలారా, హీట్ పంపా

ఈ మూడూ చేసేది ఒకే పని, మెయిన్ వాష్‌కు వెళ్లే కొత్త నీళ్లను ముందే వేడి చేయడం. ఆ కొత్త నీళ్లు 1,500 లీటర్లే. మిగతా 1,000 లీటర్లు బట్టలోనే చల్లగా ఉంటాయి, వాటిని డ్రమ్ములోనే కాచాలి. కాబట్టి మూడింట్లో ఒకటే పెట్టండి. రెండు పెడితే రెండోదానికి పనే మిగలదు.

ఎక్స్‌ఛేంజర్ పెట్టేటప్పుడు అన్ని డ్రెయిన్లూ ఒకే సంపులో కలిస్తే ఆ నీళ్లు 36–38 డిగ్రీలకు పడిపోతాయి, తీయడానికి వేడే ఉండదు. మెయిన్ వాష్ డ్రెయిన్‌ను వేరు చేస్తే 60 డిగ్రీల దగ్గర 1,500 లీటర్లు దొరుకుతాయి. వేడినీళ్లు, చల్లనీళ్లు ఎదురెదురుగా పారే మంచి ఎక్స్‌ఛేంజర్‌తో 30 డిగ్రీల కొత్త నీళ్లు 48కి ఎక్కుతాయి: 27,000 కిలో క్యాలరీలు, రోజుకు 3 కిలోల గ్యాస్. డ్రెయిన్ ఒక్క నిమిషంలో పడిపోతుంది, నింపడం వేరే సమయంలో జరుగుతుంది. అందుకే రెండు వైపులా నిల్వ ట్యాంకులు లేకుండా ఎక్స్‌ఛేంజర్ ఒక్కటే పెడితే ఈ అంకె సగం కూడా రాదు. ప్లేట్ రకం వద్దు, సందులు సన్నగా ఉండి నూగుతో పూడుకుపోతాయి. ట్యూబ్ రకమో, వెడల్పు సందుల రకమో తీసుకుని, నెలకోసారి విప్పి కడిగేలా అమర్చండి. ముందు వరసలో చెప్పిన రెండో జాడింపు నీళ్లు మెయిన్ వాష్‌కు పంపేవాళ్లయితే, ఈ ఎక్స్‌ఛేంజర్ గుండా వెళ్లాల్సింది ఆ నీళ్లే అని కూడా గుర్తుంచుకోండి. అప్పుడు రెండు వైపులా నూగే.

సోలార్ అయితే 1,500 లీటర్లను 60 డిగ్రీలకు తెస్తుంది: 45,000 కిలో క్యాలరీలు, 5 కిలోల గ్యాస్. ఫ్లాట్ ప్లేట్ రకంలో 100 లీటర్లకు 2 చదరపు మీటర్లు కావాలి, అంటే 30 చదరపు మీటర్ల మిద్దె. పాలమూరు ఎండకు ఇది ఏడాదిలో ఎక్కువ రోజులు నడుస్తుంది. వానాకాలం మబ్బు రోజులకు హీటరు ఎలాగూ ఉంటుంది. కఠినత్వం ఉన్న నీళ్లు నేరుగా కలెక్టర్‌లో తిరిగితే గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. వాటర్ సాఫ్ట్‌నర్ తర్వాతి నీళ్లే పంపండి, లేదా లోపల విడిగా నీళ్లు తిరిగే హీట్ ఎక్స్‌ఛేంజర్ రకం తీసుకోండి.

మిద్దె లేనివాళ్లకు హీట్ పంప్. అదే 45,000 కిలో క్యాలరీలు 52 యూనిట్ల వేడితో సమానం. మన గాలి వేడిగా ఉంటుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు మూడున్నర యూనిట్ల వేడి వస్తుందనుకుంటే రోజుకు 15 యూనిట్లు. మీ కమర్షియల్ కరెంటు రేటుతో గుణించి, 5 కిలోల గ్యాస్ ధరతో పోల్చండి. అది వదిలే చల్లగాలిని క్యాలెండర్ దగ్గర పనిచేసేవాళ్ల వైపు తిప్పండి. మేలో ఆ గదిలో నిలబడి పనిచేసే మనుషులకు అది చిన్న విషయం కాదు.

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల ఊక దొరుకుతుంది. ఊక బాయిలర్ మీద నడిచే లాండ్రీకి ఇంధనం చవక కాబట్టి ఈ మూడింట్లో ఏదీ త్వరగా డబ్బు తేదు. వాళ్లు నీళ్ల మీద, కండెన్సేట్ మీద పెట్టుకోవాలి.

స్టీమ్ వాడేవాళ్లకు కండెన్సేట్

బాయిలర్ ఉంటే ఇది ఆఖరి జాడింపు ట్యాంకుతో సమానమైన మొదటి పని. 7 బార్ ఒత్తిడి దగ్గర స్టీమ్‌లో ఉన్న వేడిలో దాదాపు నాలుగో వంతు కండెన్సేట్‌లోనే ఉంటుంది. పైగా అది కఠినత్వం లేని నీళ్లు. మన బోరు నీళ్లతో బాయిలర్ ట్యూబుల్లో సున్నం గట్టిపడే చోట ఆ రెండో లాభం మొదటిదానికన్నా పెద్దది. బాయిలర్‌లోకి పోసే నీళ్లు (ఫీడ్ వాటర్) 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం 1 శాతం తగ్గుతుందన్నది బాయిలర్ పనివాళ్లందరికీ తెలిసిన లెక్క. క్యాలెండర్ నుంచి ఫీడ్ ట్యాంకు దాకా పైపుకు వాలు ఉంచి ఇన్సులేషన్ చుట్టండి. తిరిగి వచ్చే లైను మరీ కాలి ఆవిరి పొంగుతుంటే ఏదో ఒక స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి కండెన్సేట్‌ను మాత్రమే వదిలే వాల్వు) తెరుచుకుని ఉండిపోయింది. ట్రాపులన్నీ నెలకోసారి చూడండి. కండెన్సేట్‌లో ఇనుప తుప్పు ఉంటుంది, దాన్ని వాషర్‌లోకి పంపితే తెల్ల దుప్పట్ల మీద ఎర్ర మరకలు పడతాయి.

యూఎఫ్, ఆర్‌ఓ: ఎవరికి, ఎప్పుడు

ముప్పావు వంతు నీళ్లు వెనక్కి తేవచ్చని చెప్పే ప్లాంటు ఇదే. జల్లెడ, అన్ని నీళ్లూ కలిసే ట్యాంకు, పటికతో తేర్చడం లేదా బయో ట్యాంకు, ఇసుక, కార్బన్, యూఎఫ్, చివర ఆర్‌ఓ. దీన్ని నడపడం వేరే వృత్తి. రోజుకు 2,000 కిలోలు దాటని లాండ్రీకి, చూసుకునే మనిషిని జీతానికి పెట్టలేని చోట దీన్ని సలహా ఇవ్వలేం.

చవకని యూఎఫ్ దగ్గరే ఆగితే ఉప్పు తగ్గదు. సబ్బులు, సోడాలు ఒక్కో ఉతుకులో లీటరుకు 500 మిల్లీగ్రాముల టీడీఎస్ కలుపుతాయనుకుందాం. బోరు నీళ్లు 700. 70 శాతం తిప్పుతూ పోతే టీడీఎస్ చివరకు 1,870 దగ్గర నిలుస్తుంది. తెల్ల బట్ట బూడిద రంగుకు తిరుగుతుంది, తువ్వాలు గరుకవుతుంది. నెలన్నర దాకా కనిపించదు, కనిపించేసరికి లాడ్జీవాళ్లు బట్ట మార్చమంటారు.

ఆర్‌ఓ పెడితే పొరలను పాడు చేసేవి మూడూ మన లాండ్రీల్లోనే ఉన్నాయి. హైపో క్లోరిన్ పొరను తినేస్తుంది, కాబట్టి ముందు క్లోరిన్‌ను విరిచే మెటాబైసల్ఫైట్ డోసింగ్ ఉండాలి. బట్టల సాఫ్ట్‌నర్‌లోని క్యాటయానిక్ పదార్థం పొరకు అంటుకుని కడిగినా పోదు. నురగ తగ్గించే సిలికాన్ యాంటీఫోమ్ కూడా అంతే. రసాయనాలు అమ్మేవాళ్లను, ప్లాంటు అమ్మేవాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి జాబితా మీద సంతకం తీసుకోకపోతే, పొర పోయిన రోజున ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

నల్లగొండవాళ్లు ఇంకో సంగతి తప్పక చూడాలి. ఫ్లోరైడ్ బట్టకు ఏమీ చేయదు, వాటర్ సాఫ్ట్‌నర్‌లో పోదు. కానీ ఆర్‌ఓ 75 శాతం నీళ్లు తీస్తే, వదిలే రిజెక్ట్‌లో (పొర దాటని ఉప్పు నీళ్లు) ఫ్లోరైడ్ నాలుగింతలవుతుంది. బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములుంటే రిజెక్ట్‌లో 12. చెరువులు, వాగుల్లోకి వదిలే నీళ్లకు పర్యావరణ నిబంధనలు పెట్టిన హద్దు 2 మిల్లీగ్రాములు. దాన్ని పక్క చెలకలోకో, కుంటలోకో వదిలితే తిరిగి అదే ఊరి బోర్లలోకి దిగుతుంది. ఆ జిల్లాలో ఎముకలు వంగిన మనుషులు ఎందరో ఉన్న ఊళ్లున్నాయి, లాండ్రీ పొదుపు కోసం ఆ భారం పెంచకూడదు. రిజెక్ట్ ఆరబెట్టే తొట్లకు స్థలం, పొల్యూషన్ బోర్డు అనుమతి రెండూ లేకపోతే ఆర్‌ఓ మాట ఎత్తవద్దు. ఆఖరి జాడింపులో, బట్టలో మిగిలిన సోడాను విరిచే పులుపు (ఆమ్లం) కోసం సోడియం సిలికోఫ్లోరైడ్ వాడుతుంటే అది కూడా ఫ్లోరైడే. దాని బదులు ఎసిటిక్ లేదా సిట్రిక్ ఆమ్లానికి మారండి.

కొటేషన్ తీసుకునేటప్పుడు

లోపలికి వచ్చే నీళ్లు 30 డిగ్రీలు, కఠినత్వం, టీడీఎస్ మీ సొంత బోరు రిపోర్టు ప్రకారం అని రాయించండి. పొదుపు అంకె శాతంలో వద్దు, రోజుకు ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోల గ్యాస్ అని ఉండాలి. బట్ట పట్టుకునే 2 లీటర్లు లెక్కలో తీశారా అడగండి. ఫిల్టర్ బ్యాగులు, రసాయనాలు, కరెంటు నెల ఖర్చు అందులోంచి తీసేయాలి. డబ్బులో నాలుగో వంతు మూడు నెలల మీటరు రీడింగులు చూశాకే ఇస్తామని ఒప్పందంలో పెట్టండి. అలా ఒప్పుకోనివాళ్ల దగ్గర ఎక్స్‌ఛేంజర్ గానీ, ఆర్‌ఓ గానీ కొనకండి. జాడింపు ట్యాంకుకు మాత్రం ఇంత తతంగం అక్కర్లేదు, ఊళ్లో ప్లంబరు, ఎలక్ట్రీషియన్ కలిసి వారంలో కట్టేస్తారు.